పాత డెక్ విప్పేముందు హద్దు చూడాలి

అమెరికాలో ఇంటి వెనుక చెక్క పలకలతో వేసుకునే ఎత్తైన అరుగును డెక్ అంటారు. అది పుచ్చిపోయినప్పుడు అదే చోట అదే కొలతలతో మళ్లీ కట్టుకోవడానికి అభ్యంతరమేముంటుందని, అక్కడ స్థిరపడిన తెలుగువారితో సహా, చాలామంది యజమానులు అనుకుంటారు గానీ, ఎక్కడ ఏమి, ఎలా కట్టవచ్చో నిర్ణయించే స్థానిక జోనింగ్ నిబంధనలు ఆ పనిని తరచు కొత్త నిర్మాణంగానే పరిగణిస్తాయి.

స్థలం హద్దుకూ కట్టడానికీ మధ్య తప్పక విడిచిపెట్టవలసిన ఖాళీయే సెట్‌బ్యాక్. ఇది ఊరినిబట్టి, జోన్‌నిబట్టి, పక్క హద్దుకు ఒక లెక్క, వెనుక హద్దుకు మరొక లెక్కగా మారుతుంది. ఊళ్లు ఇలాంటి నిబంధనలు పెట్టే జోనింగ్ అధికారాన్ని 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది.

అసలు చిక్కు పాత డెక్‌తోనే. నిబంధన రాకముందు చట్టబద్ధంగా కట్టినది హద్దుకు దగ్గరగా ఉన్నా సాధారణంగా కొనసాగవచ్చు, పలకలు మార్చడం మరమ్మతు కిందికే రావచ్చు. స్తంభాలతో, పునాదులతో సహా పెకలిస్తే మాత్రం ఆ రక్షణ చాలాచోట్ల పోతుంది. దీన్ని అన్యాయమనలేము, కొత్త నిబంధనకు సరిపడని పాత కట్టడాలు క్రమంగా తొలగిపోవాలన్నదే చట్టం ఉద్దేశం.

అనేక ఊళ్లు అనుసరించే నమూనా నియమావళి ప్రకారం 200 చదరపు అడుగులు, 30 అంగుళాల ఎత్తు మించకుండా, ఇంటికి అతకకుండా, తప్పనిసరి నిష్క్రమణ ద్వారానికి దారిగా ఉపయోగపడకుండా ఉన్న డెక్‌కు బిల్డింగ్ పర్మిట్ అక్కరలేదు. అంతమాత్రాన సెట్‌బ్యాక్ మినహాయింపు దొరికినట్టు కాదు. కంచె ఎప్పుడూ హద్దు మీదే ఉంటుందన్న నమ్మకమూ లేదు గనుక, కొలత సర్వే పటం నుంచే తీసుకుని, మేస్త్రీని పిలవకముందే జోనింగ్ కార్యాలయాన్ని అడగాలి.