చెవిలోని చిన్న వంతెన

చైతన్యపురి కూడలిలోని బస్సుల మోత గాలిలో నలుదిక్కులకు వ్యాపించును. కాని ఆ ధ్వని దగ్గరనున్న సరూర్‌నగర్ చెరువు నీటిని తాకినప్పుడు, దాని శక్తిలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే లోనికి చొచ్చును. తక్కినదంతయు వెనుకకు మరలును. మన చెవికిని ఇదే చిక్కు కలదు. ధ్వని వచ్చునది గాలిలో. దానిని గ్రహించు కణములున్న లోపలి చెవి ద్రవముతో నిండియున్నది.

ఈ చిక్కును తీర్చుటకే మధ్య చెవిలో కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు ఎముకలు వంతెనవలె అమరియున్నవి. కూటకము సుత్తివలెను, దాగలి కమ్మరి దాగలివలెను, అంకవన్నె గుర్రపు జీను రికాబువలెను ఉండును. అంకవన్నె పొడవు 3 మిల్లీమీటర్లే. శరీరమున ఇంతకంటె చిన్న ఎముక లేదు. కర్ణభేరిలో కంపించు భాగము సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె పాదము 3.2 మాత్రమే. పెద్ద పొరపై పడిన బలము ఇంత చిన్న చోట చేరుటచే ఒత్తిడి 17 రెట్లగును. ఎముకలు మీటవలె పనిచేయుటచే అది మరి 1.3 రెట్లు పెరిగి, మొత్తము సుమారు 22 రెట్లగును.

చెవి చీము కారుచుండగా ఏండ్ల తరబడి అశ్రద్ధ చేసినచో ఈ ఎముకలు తినివేయబడును. రక్తప్రసారము తక్కువగుటచే దాగలి కొన తరచుగా మొదట చెడును. వంతెన తెగినచో వినికిడి 60 డెసిబెళ్ల వరకు తగ్గవచ్చును. మామూలు సంభాషణ ధ్వనియు సుమారు అంతే. అట్టి పిల్లవాడు బడిలో పిలిచినను పలుకడు. మందమతియని తిట్లు తినును. నిజమునకు వాని నాడి చక్కగానే యుండవచ్చును. వైద్యుడు మ్రోగించిన శ్రుతిదండమును చెవి ముందుంచిన దానికంటె, చెవి వెనుక ఎముకపై ఆనించినప్పుడు వానికి బిగ్గరగా వినబడును. వంతెనను దాటి, ధ్వని ఎముక గుండా లోనికి పోవుటయే దీనికి కారణము.

తెగిన వంతెనను మరల కట్టవచ్చును. 1950 తరువాత జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ అను వైద్యులు మధ్య చెవి శస్త్రచికిత్సకు క్రమపద్ధతి నేర్పరచిరి. 1957లో హాల్, రిట్జ్‌నర్ అనువారు రోగి ఎముకనే మరల వాడిచూపిరి. సూక్ష్మదర్శినిలో చూచుచు ముందు రోగమును తొలగింతురు. మిగిలిన దాగలిని అరగదీసి, అంకవన్నె తలకు సరిపడు గుంట చేసి, దానికిని కూటకమునకును నడుమ నిలుపుదురు. ఎముక పనికిరానిచో టైటానియముతో చేసినదానిని అమర్తురు. చిరిగిన కర్ణభేరికి కణత కండరముపైనున్న పలుచని పొరను అతుకు వేయుదురు.

నాడి చెడిన చెవుడును ఈ చికిత్స తీర్పజాలదు. అందరికిని పూర్తి వినికిడి రాదు. అమర్చినది జరిగిపోవుటయు కలదు. కనుక చీము కారు చెవిలో కాచిన నూనె పోయక, వెంటనే వైద్యునికి చూపవలెను. చైతన్యపురివారికి కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాల దూరము కాదు. పిలిచిన పలుకని పిల్లవానిని మందలించుటకు ముందు, వాని చెవిని పరీక్ష చేయించుడు.