పెళ్ళి డీవీడీ అప్పగింతల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? రైటింగ్ స్పీడ్ సంగతి

ఆయ్, మండపేట నుంచి మళ్ళీ వచ్చేశాను. ఈరోజు కాస్త పాత సరుకు గురించి మాట్లాడుకుందాం. డీవీడీ అండి. "ఈ రోజుల్లో డీవీడీ ఎవరు రైట్ చేస్తున్నారు బాబూ" అనకండి. మీ బీరువాలో పట్టుచీరల కింద ఒక పెళ్ళి డీవీడీ ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని పెళ్ళి క్యాసెట్ అనే అంటారు.

మా అక్క పెళ్ళి 2012లో అయ్యింది. అప్పగింతలప్పుడు మా మామ్మ అక్క చెయ్యి పట్టుకుని ఏదో చెబుతుంది. మామ్మ ఇప్పుడు లేదు. ఆవిడ గొంతు మా దగ్గర మిగిలింది ఆ వీడియోలోనే. మొన్న సంక్రాంతికి అక్కావాళ్ళు వస్తే నాన్న ఆ డిస్కులు బయటికి తీశారు. మొదటి డిస్కు చక్కగా ఆడింది. రెండో డిస్కులో తలంబ్రాలు, అరుంధతీ దర్శనం కూడా బానే వచ్చాయి. సరిగ్గా అప్పగింతలు వచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి ఆగిపోయింది. నాన్న డిస్కు తీసి తుడిచి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది. "నువ్వు ఇంజనీరువి కదరా, చూడు" అన్నారు. అలా మొదలైంది ఈ ఎపిసోడ్.

ముందు ఒక విషయం చెప్తాను. డీవీడీ మీద డేటా మధ్యలో కన్నం దగ్గర మొదలై, చుట్లు చుట్లుగా బయటి అంచు వైపు వెళ్తుంది. అంటే డిస్కు నిండా వీడియో ఉంటే, ఆఖరి సీను అంచు మీదే ఉంటుంది. పెళ్ళి వీడియోలో ఆఖరి సీను ఏది? అప్పగింతలు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వద్దాం.

ఇప్పుడు స్పీడు. సీడీలో 1ఎక్స్ అంటే సెకనుకి 150 కేబీ. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకి సుమారు 1,385 కేబీ, అంటే తొమ్మిది రెట్ల పైమాటే. 4.7 జీబీ డిస్కు నిండా రైట్ చేయడానికి 1ఎక్స్‌లో దాదాపు గంట పడుతుంది. 4ఎక్స్‌లో 14, 15 నిమిషాలు. 8ఎక్స్‌లో 8, 9 నిమిషాలు. 16ఎక్స్‌లో 5, 6 నిమిషాలు. మరి 8 నుంచి 16కి స్పీడు రెట్టింపైతే టైము సగం అవ్వాలి కదా? అవ్వదు. 16ఎక్స్ అన్నది మొదటి నుంచీ ఉండదండి. లోపల ఆరేడు ఎక్స్‌తో మొదలై, పెరుగుతూ పెరుగుతూ అంచు దగ్గరికి వెళ్ళాకే 16 అందుకుంటుంది. అక్కడ డిస్కు నిమిషానికి 9,000కి పైగా చుట్లు తిరుగుతుంది. లెక్క కడితే అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు. 8ఎక్స్‌లో అయితే అంచు దగ్గర 100.

ఆ వేగంలో లేజర్ ఏం చేయాలి? డిస్కులో పల్చటి రంగు పొర ఒకటి ఉంటుంది. లేజర్ దాన్ని చిన్న చిన్న మచ్చలుగా కాలుస్తుంది. వాటిలో అతి చిన్న మచ్చ పొడవు 0.4 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో 2,500వ వంతు. స్పీడు పెరిగేకొద్దీ ఒక్కో మచ్చకి దొరికే టైము తగ్గుతుంది, కాబట్టి లేజర్ పవర్ పెంచాలి. డిస్కు కొంచెం ఊగినా, పవర్ కాస్త అటూ ఇటూ అయినా మచ్చ అంచులు చెరుగుతాయి. ఈ తప్పులన్నీ ఎక్కువగా పోగయ్యేది బయటి అంచు దగ్గరే. అప్పగింతలు అక్కడే ఉన్నాయి కదండీ, అదీ సంగతి.

"మరి రైట్ చేసిన రోజున బానే ఆడిందిగా?" అంటారు. నిజమే. డీవీడీలో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది, కొన్ని తప్పులున్నా బొమ్మ పాడవదు. కానీ హద్దు దగ్గర రైట్ అయిన డిస్కుకి ఆ తర్వాత ఒక గీత పడినా, ఎండ తగిలినా, ప్లేయర్ లెన్సు పాతబడినా హద్దు దాటేస్తుంది. స్పీడు ఒక్కటే కారణం అని నేను అనను. కానీ మొదటి రోజే మనం చేతిలో పెట్టుకోగలిగేది స్పీడే.

"అయితే అన్నిటికన్నా తక్కువ స్పీడు పెట్టేస్తే పోలా?" ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మన పక్కనే ఉంది కదా తాపేశ్వరం, కాజా వేయించడం చూశారా? మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మరీ తక్కువైతే నూనె పీల్చేస్తుంది. ఇదీ అంతే. 16ఎక్స్ డిస్కులో రంగు పొరని ఎక్కువ స్పీడుకి తగ్గట్టే తయారుచేస్తారు. దాన్ని 1ఎక్స్, 2ఎక్స్‌లో కాల్చితే మేలు జరగకపోగా తప్పులు పెరగొచ్చు. చాలా రైటర్లు ఆ స్పీడు అసలు చూపించవు కూడా. ప్రతి ఖాళీ డిస్కులో తయారీ కోడ్ ఒకటి ఉంటుంది. రైటర్ అది చదివి ఆ డిస్కుకి ఎంత మంట పెట్టాలో చూసుకుంటుంది. ఊరూపేరూ లేని డిస్కు అయితే సరైన లెక్క దొరక్క అందాజాగా కాలుస్తుంది. అందుకే మంచి డిస్కు కొనండి.

సరే, ఏం చేయాలో చెప్పేస్తాను.

ఒకటి, డిస్కు మీద రాసిన స్పీడులో సగం పెట్టండి. 16ఎక్స్ డిస్కుకి 8, 8ఎక్స్ డిస్కుకి 4. నీరో అయినా, ఇమ్‌గ్‌బర్న్ అయినా స్పీడు దగ్గర "మ్యాక్స్" అని ఉంటే అలా వదిలేయకండి.

రెండు, అంచు వరకు నింపకండి. 4.7 జీబీ డిస్కు కంప్యూటర్‌లో 4.38గా కనిపిస్తుంది. 4 దగ్గర ఆపేయండి. ముఖ్యమైన సీను ఆఖర్లో ఉంటే ఇంకో డిస్కు మొదట్లో పెట్టండి.

మూడు, ఫైళ్ళు పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా ముందు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడ నుంచి రైట్ చేయండి.

నాలుగు, వెరిఫై ఆప్షన్‌కి టిక్ పెట్టండి. తర్వాత ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ప్లేయర్‌లో ఆఖరి పది నిమిషాలు ఆడించి చూడండి. మొదటి పది నిమిషాలు కాదు, ఆఖరివి.

16 బదులు 8 పెడితే ఒక డిస్కుకి మూడు నిమిషాలు ఎక్కువ. ఒక పెళ్ళికి ఇరవై కాపీలు తీసే స్టూడియో ఆయనకి అది గంట పని. శ్రావణంలో పెళ్ళి మీద పెళ్ళి ఉంటే ఆయన తొందర ఆయనది, నేను తప్పుపట్టను. కానీ ఇంట్లో ఒక్క డిస్కు తీసుకునే మనకి ఏం తొందర?

రైట్ అయిపోయిన డిస్కుకి స్పీడు మార్చలేం. రెండు మూడు వేరే డ్రైవులలో పెట్టి చూడటమే. నాకు ఒక ఫ్రెండు ఇంట్లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్‌లో పని అయ్యింది. డ్రైవు ఒక్కో చోట ఆగి మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ రాత్రంతా తీసుకుంది. కొన్ని సెకన్లు బొమ్మ పోయింది, గొంతు మాత్రం వచ్చింది. మామ్మ అక్కతో చెప్పింది ఇంతే: "వేళకి అన్నం తినవే." నాన్న అది రెండుసార్లు వెనక్కి పెట్టించుకుని విన్నారు.

అది 8ఎక్స్‌లో రెండు డిస్కులు తీశాను, ఒకటి మాకు, ఒకటి అక్కకి. హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ. మీ బీరువాలో డిస్కు కూడా ఈ ఆదివారం ఒకసారి తీసి ఆఖరి వరకు ఆడించండి. ఆడుతున్నప్పుడే కాపీ తీసుకోండి. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.