మనిషికి తగిన సైకిలు

దర్జీ మన మెడ, భుజము, చేయి కొలిచిన పిదప గాని గుడ్డకు కత్తెర పెట్టడు. చొక్కా పొందిక తప్పినచో చూచువారు నవ్వుదురు. అంతకు మించి హాని లేదు. సైకిలును మాత్రము అంగడిలో నున్నది ఉన్నట్లే తెచ్చుకొందుము. నిమిషమునకు 60 చుట్ల చొప్పున త్రొక్కువాని మోకాలు గంటకు 3,600 సారులు ముడిగి చాగును. కొలతలోని చిన్న దోషము అన్ని సారులును ఆ కీలు మీదనే పడును.

ఈ ప్రసంగకర్తయు దీనిని అనుభవముచేతనే తెలిసికొనెను. నలుబది దాటిన పిదప, మెట్లెక్కునపుడు నా మోకాలిచిప్ప చుట్టును నొప్పి మొదలయ్యెను. వయసు మీదపడినదని సరిపెట్టుకొని సైకిలును అమ్మజూపితిని. కొనవచ్చిన మిత్రుడు నన్నొకమారు త్రొక్కి చూపుమని, "తప్పు మోకాలిది కాదండీ, సీటుది" అనెను.

సీటు పల్లమైనచో మోకాలు మిక్కిలి ముడిగియుండగనే బలము పెట్టవలసివచ్చును. అప్పుడు మోకాలిచిప్ప తొడయెముకపై గట్టిగా నొత్తుకొనును. సామాన్యముగా నొప్పి ముందువైపున పుట్టును. సీటు ఎత్తైనచో పెడలు నందుకొనుటకై నడుము ఇరుప్రక్కలకు ఊగును. నొప్పి మోకాలి వెనుక కనబడును. హ్యాండిలు దూరమైనచో శరీరభారము అరచేతులపై బడి, అచటి నరము నొక్కుకొని, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కును.

ఈ కొలతలు చూచుట నేడొక వృత్తి. నిపుణుడు మొదట నొప్పి యెచటనో అడిగి, కాలి లోపలి పొడవు కొలిచి, సైకిలును స్టాండుపై నిలిపి త్రొక్కించి చూచును. పెడలు అడుగున నున్నపుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీల వరకు ముడిగియుండుట మేలని సాధారణ నియమము. 1967లో హామ్లీ, థామస్ అను పరిశోధకులు, అడుగుననున్న పెడలు ఇరుసునుండి సీటు పైభాగమునకు గల దూరము కాలి లోపలి పొడవులో 109 శాతము ఉండుట మేలని సూచించిరి. అనగా 80 సెంటీమీటర్ల కాలికి 87.2 సెంటీమీటర్లు. ఇది ఆరంభమే గాని తుదితీర్పు కాదు. పాదముల పొడవు, నడుము వంగు తీరు అందరికిని ఒక్కటి గావు.

బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1969లో బ్లోవా పట్టణమున ఘోరముగా పడి, వెన్నును కటిని గాయపరచుకొనెను. అటుపిమ్మట ఆయన పందెముల నడుమ సైతము సీటు ఎత్తును మార్చుకొనుచుండెడివాడు. సైకిలు మారలేదు, శరీరము మారినది. కావున కొలతయు మారవలసివచ్చెను.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి కలదు. గోడ నానుకొని సీటుపై తిన్నగా కూర్చుండి, మడమను అడుగు పెడలుపై నుంచుడు. నడుము వాలకుండ కాలు పూర్తిగా చాగవలెను. పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు తగినంత ముడుగును. మార్పును అయిదేసి మిల్లీమీటర్ల చొప్పున చేసి, కొన్నాళ్లు త్రొక్కి చూడుడు. సీటుకమ్మిపై గల హద్దుగీతను దాటి పైకి లాగరాదు. వాపు ఉన్నను, నొప్పి తగ్గకున్నను వైద్యుని చూడవలెను.

నా సీటు మూడు సెంటీమీటర్లు లేచినది; నొప్పి క్రమముగా తగ్గినది; సైకిలు ఇంటనే యున్నది. ఇక, ఎదుగునని తలచి పిల్లవానికి పెద్ద సైకిలు కొనిపెట్టు తలిదండ్రులు, తండ్రి సైకిలుపై తెల్లవారుజామున పత్రికలు పంచు బాలుడు, ఒక్క మారు ఆ మడమ పరీక్ష చేసికొందురుగాక. దానికి కావలసినది ఒక రెంచి, ఒక గోడ, అయిదు నిమిషముల కాలము.