టిఫా రిపోర్టులో ఒక తెల్లచుక్క

గర్భం ఐదో నెలలో చేసే టిఫా స్కాన్ రిపోర్టులో తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు, ఉమ్మనీరు అన్నీ మామూలుగానే ఉంటాయి. చివర్లో మాత్రం ఒక వాక్యం: 'ఎడమ జఠరికలో ఎకోజెనిక్ ఫోకస్ కనిపించింది, ఇతర పరీక్షలతో సరిచూసుకోవాలి.' డాక్టరును కలవడానికి ఇంకా రెండు రోజులుంటుంది. ఈలోగా ఫోన్‌లో వెతికితే 'డౌన్ సిండ్రోమ్' అన్న మాట ఎదురవుతుంది. ఇక ఆ రెండు రాత్రులూ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఆ వాక్యం నిజంగా ఏం చెబుతోందో తెలియాలంటే, ముందు స్కాన్ యంత్రం ఏం చేస్తుందో చూడాలి. అది ఫొటో తీయదు, ప్రతిధ్వనులు వింటుంది. పొట్టమీద ఆనించిన ప్రోబ్ సెకనుకు సుమారు 30 నుంచి 50 లక్షల సార్లు కంపించే ధ్వనిని లోపలికి పంపుతుంది. మెత్తని కణజాలంలో ఆ ధ్వని సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఒక రకం కణజాలం ముగిసి మరో రకం మొదలయ్యే చోటల్లా కొంత ధ్వని వెనక్కి తిరిగొస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి లోతు, ఎంత బలంగా వచ్చిందన్న దాన్ని బట్టి తెరమీద తెలుపు తేలతాయి. అందుకే నీరు నల్లగా, ఎముక తెల్లగా కనిపిస్తాయి. 'ఎకోజెనిక్' అన్న భయపెట్టే పదానికి అర్థం అంతే: అక్కడి నుంచి ప్రతిధ్వని బలంగా వచ్చిందని. అది జబ్బు పేరు కాదు.

గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు 1958లో లాన్సెట్ పత్రికలో గర్భస్థ శిశువు అల్ట్రాసౌండ్ చిత్రాలు ప్రచురించినప్పుడు తల ఆకారం పోల్చుకోవడమే గొప్ప. ఇప్పటి యంత్రాలు మిల్లీమీటరు తేడాలు పట్టేస్తాయి. చూపు పదునెక్కే కొద్దీ, అంతకుముందు ఎవరి కంటా పడని చుక్కలు, బుడగలు కూడా కనిపించడం మొదలైంది. ఇలాంటివాటినే వైద్యులు సాఫ్ట్ మార్కర్లు అంటారు.

గుండెలో తెల్లచుక్క వాటిలో ఒకటి. గుండె కవాటాలను పట్టి ఉంచే చిన్న కండరంలో కాస్త కాల్షియం చేరితే అలా మెరుస్తుంది. నూరు గర్భాల్లో సుమారు మూడు నుంచి ఐదింటిలో ఇది కనిపిస్తుంది. ఆసియా మూలాలున్న వారిలో ఇంకా ఎక్కువ. దీనివల్ల గుండె పనికి అడ్డేమీ లేదు. 'కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్' మరొకటి. మెదడులో సిస్టు అనగానే పెద్దవాళ్లకు వచ్చే గడ్డ, ఆపరేషన్ గుర్తొస్తాయి. నిజానికిది మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తయారుచేసే కణజాలంలో చిన్న నీటి బుడగ. నూటికి ఒకరిద్దరు శిశువుల్లో కనిపిస్తుంది. ఎక్కువ భాగం 28 వారాలకల్లా వాటంతటవే మాయమవుతాయి.

మరి వీటికి క్రోమోజోమ్ లోపాలతో ముడి ఎలా పడింది? డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో గుండెలో తెల్లచుక్క మిగతా వారికంటే ఎక్కువసార్లు కనిపిస్తుంది. కోరాయిడ్ ప్లెక్సస్ సిస్టు ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో ఎక్కువ. ఈ మాట నిజమే. కానీ ఆ శిశువుల్లో సాధారణంగా ఇదొక్కటే ఉండదు, ఇతర తేడాలూ ఉంటాయి. కాబట్టి రిపోర్టు రెండు సంగతులు చెబుతోందని గమనించాలి: చుక్క కనిపించింది, దానితోపాటు చూడాల్సిన మిగతావేవీ తేడాగా లేవు. మొదటిది అనుమానాన్ని కొంచెం పెంచితే, రెండోది దాన్ని కిందికి దించుతుంది. అనేక అధ్యయనాలను కలిపి 2013లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, గుండెలో చుక్క ఒక్కటే ఉన్నప్పుడు డౌన్ సిండ్రోమ్ అవకాశం దాదాపు మారదని తేలింది. అంటే తల్లి వయసును బట్టి, ముందు పరీక్షలను బట్టి ఎంత ఉందో అంతే. పాతికేళ్ల తల్లికి వయసును బట్టి ఆ అవకాశం సుమారు 1,250లో ఒకటి, 35 ఏళ్లకు 350లో ఒకటి, 40కి నూటిలో ఒకటి.

అందుకే డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది ప్రమాదమా?' అని కాదు. 'ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా? మూడో నెలలో చేసిన ఎన్‌టీ స్కాన్, రక్తపరీక్షతో కలిపి చూస్తే మా అంకె ఎంత?' అని అడగాలి. అంకె లేని భయానికి హద్దు ఉండదు.

అన్ని మార్కర్లూ ఇంత తేలికైనవి కావు. ముక్కు ఎముక కనిపించకపోవడం, మెడ వెనుక చర్మం మందం 6 మిల్లీమీటర్లు లేదా అంతకు మించడం, మెదడులోని ద్రవపు గదులు 10 మిల్లీమీటర్లకు పెరగడం వంటివి అవకాశాన్ని స్పష్టంగా పెంచుతాయి. అప్పుడు ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గర మరోసారి వివరంగా స్కాన్ చేయించడం అవసరం. తల్లి రక్తంలో తిరిగే మాయ డీఎన్‌ఏ ముక్కలను చూసే ఎన్‌ఐపీటీ అనుమానాన్ని బాగా వడగడుతుంది కానీ, నిర్ధారించలేదు. నిర్ధారణకు ఉమ్మనీరు తీసి పరీక్షించాలి. దానివల్ల గర్భం పోయే ప్రమాదం వెయ్యికి ఒకటి నుంచి మూడు. ముఖ్యమైన క్రోమోజోమ్‌ల తొలి ఫలితం రెండు మూడు రోజుల్లో, పూర్తి ఫలితం రెండు మూడు వారాల్లో వస్తుంది.

ఈ ఎదురుచూపును మరింత కష్టం చేసేది 'టైమ్ అయిపోతోంది' అన్న కంగారు. ఒకప్పుడు ఆ కంగారుకు కారణం ఉండేది. గర్భస్రావానికి గడువు 20 వారాలు, టిఫా చేసేదీ ఇంచుమించు అప్పుడే. 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో శిశువుకు తీవ్రమైన లోపం ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు అవకాశం ఉంది. అది దాటాక కూడా తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు అనుమతించవచ్చు. నిర్ధారణ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగడానికి ఇప్పుడు వ్యవధి దొరుకుతుంది. ఒంటరి సాఫ్ట్ మార్కరును చట్టం చెప్పే తీవ్ర లోపంగా పొరబడి హడావుడి పడాల్సిన పని లేదు. ఈలోగా నిద్ర, తిండి దెబ్బతింటుంటే ఆ సంగతీ డాక్టరుతో చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416కు ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

స్కాన్‌లో నిజంగానే లోపం కనిపించిన ఇళ్లలో మరో బరువు వచ్చి పడుతుంది. పై పెదవి చీలికకు తెలుగులో ఉన్న పేరే 'గ్రహణం మొర్రి'. ఆ పేరులోనే తల్లి మీద నేరారోపణ ఉంది: గ్రహణం నాడు బయటికొచ్చింది, కత్తి పట్టుకుంది, కాయ కోసింది. పై పెదవి రెండు వైపుల నుంచి వచ్చి కలిసే పని పిండం ఏర్పడిన ఏడో వారానికల్లా ముగుస్తుంది. అప్పటికి గర్భమన్న సంగతే సరిగ్గా తెలియని తల్లులు ఎందరో. జన్యువులు, కొన్ని మందులు, పొగాకు వంటివి దీనికి కారణం కావచ్చు కానీ, చంద్రుడి నీడకు ఇందులో పాత్ర లేదు. పెదవి చీలికను సాధారణంగా బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్‌తో సరిచేస్తారు. స్కాన్‌లో ముందే తెలిసిన తల్లిదండ్రులకు కాన్పుకు ముందే సర్జన్‌ను కలిసే వీలుంటుంది. పాలు పట్టడానికి వాడే ప్రత్యేకమైన సీసాను చూసి, బిడ్డను ఎలా ఎత్తి పట్టుకోవాలో నేర్చుకుని రావచ్చు.