రహీం సాబ్ తర్వాత ఆ కుర్చీలో...

భారత ఫుట్‌బాల్ జట్టుకు ఇంతవరకు వచ్చిన కోచ్‌లందరిలోకి గొప్పవాడు ఎవరంటే, ఒక బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకుని, నగరంలోని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అక్కడి ఆటగాళ్లంతా ఆయన్ని రహీం సాబ్ అనేవారు. ఆయన చేతుల్లో పెరిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎగరేసుకుపోయింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు అది మింగుడుపడని సంగతే.

స్వతంత్ర భారతం తొలిసారి ఒలింపిక్స్‌లో ఆడింది 1948లో, లండన్‌లో. అప్పటి కోచ్ బలాయిదాస్ ఛటర్జీ. చాలామంది ఆటగాళ్లు బూట్లు లేకుండానే దిగి ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతే రహీం పేరు జాతీయ జట్టుతో ముడిపడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. ఇవాళైతే ఆ ఒక్క స్కోరుకే కోచ్ ఉద్యోగం ఊడేది. అప్పుడు మాత్రం ఊడింది బూట్లు లేని ఆట. ఇకపై బూట్లు తప్పనిసరి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తేల్చేసింది. రహీం మళ్లీ పనిలో పడ్డారు.

ఆయన పని ఎలా ఉండేదో చూడాలి. బంతిని కాళ్ల దగ్గర అట్టేపెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో టోర్నీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలన్న టోర్నీలూ ఉండేవి. బంతి వచ్చీ రాగానే తోటివాడికి అందించడం కుర్రాళ్లకు అలా ఒంటబట్టింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో బీద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రాడికి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేకపోతే, అద్దె సైకిలు డబ్బులు రహీం తానే ఇచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆ బలరాం ఉన్నాడు, హైదరాబాద్ వాళ్లు ఇంకా అనేకమంది ఉన్నారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. చివరికి నాలుగో స్థానం దక్కింది.

అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాతో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గాయపడ్డవాడిని ఇంకో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు తోశారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో స్థానికులు మండిపడుతున్నారు. లక్షమంది పట్టే స్టేడియంలో మనవాళ్లు బంతి తాకితే చాలు, ఈలలు, కేకలు. మొదటి 20 నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. ఫలితం 2-1. అప్పటికే జబ్బుపడి ఉన్న రహీం 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక గానీ హైదరాబాద్‌లోనే చాలామందికి ఆయన ఎవరో తెలియలేదు.

రహీం పోయాక జట్టు వెంటనే కుప్పకూలిందని అనలేం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ రైట్ 1964 ఆసియా కప్‌లో జట్టును రెండో స్థానంలో నిలిపాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జి.ఎం.హెచ్. బాషా, పీకే బెనర్జీ కలిసి కోచ్‌లుగా ఉండగా, హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం వచ్చింది. యుగోస్లావియా నుంచి వచ్చిన మిలోవాన్ చిరిచ్ 1984లో ఆసియా కప్‌కు అర్హత తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత హంగరీ, చెక్, ఉజ్బెకిస్తాన్... ఏ దేశంలో కోచ్ ఖాళీగా ఉంటే ఆ దేశం నుంచి తెచ్చినట్టే సాగింది. వీళ్లలో ఉజ్బెక్ కోచ్ రుస్తం అక్రమోవ్‌ను గుర్తుపెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ల బైచుంగ్ భూటియాను 1995లో జాతీయ జట్టులో ఆడించింది ఆయనే. మరుసటి ఏడాది భారత్ ఫిఫా ర్యాంకుల్లో 94కి చేరింది, అంతకంటే పైకి ఇప్పటిదాకా వెళ్లలేదు. నయీముద్దీన్ కూడా కోచ్‌గా 1997లో శాఫ్ కప్ గెలిపించారు.

2006లో వచ్చిన ఇంగ్లిష్ కోచ్ బాబ్ హౌటన్ ఏం అడిగాడో చూస్తే అసలు జబ్బు తెలుస్తుంది. ఆయన అడిగింది టైము. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గెలిచి (టోర్నీ హైదరాబాద్‌లో మొదలై, వానలకు గ్రౌండ్ పాడై ఫైనల్ ఢిల్లీకి మారింది) 27 ఏళ్ల తర్వాత ఆసియా కప్‌కు వెళ్లే అవకాశం తెచ్చాక, ఆటగాళ్లను క్లబ్బుల నుంచి విడిపించి నెలల తరబడి క్యాంపుల్లో పెట్టాడు. క్లబ్బులు గొణిగాయి. 2011లో దోహాలో మూడు మ్యాచ్‌లూ ఓడారు, ఆ ఏప్రిల్‌లోనే ఆయన వెళ్లిపోయాడు. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రెండు దఫాలు వచ్చాడు. రెండోసారి 173లో ఉన్న ర్యాంకును 2017కు 96కి తెచ్చాడు. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించిన జట్టు, చివరి గ్రూప్ మ్యాచ్‌లో బహ్రెయిన్‌కు ఇంజురీ టైములో పెనాల్టీ ఇచ్చి ఇంటిముఖం పట్టింది. అదే రాత్రి ఆయన రాజీనామా చేశాడు.

1998 ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచిన క్రొయేషియా జట్టు సభ్యుడు ఇగోర్ స్టిమాచ్ ఐదేళ్లు ఉన్నాడు. 2023లో మూడు టోర్నీలు గెలిపించాడు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు మాత్రం క్లబ్బులు ఆటగాళ్లను వదలడానికి మొరాయించాయి. దొరికినవాళ్లను పోగుచేసుకుని, మ్యాచ్‌కు ముందు రోజు చైనాలో దిగి, సరిగా నిద్రయినా లేకుండా ఆడి 5-1తో ఓడారు. రహీం తన ఆటగాళ్లను చిన్నప్పటి నుంచి చూశారు. స్టిమాచ్ కొందరిని విమానాశ్రయంలో చూశాడు. 2024 జూన్‌లో ఖతార్‌తో ఓటమి తర్వాత ఆయన్ని తీసేశారు, పరిహారమూ చెల్లించాల్సి వచ్చింది. జట్టు ఎంపికకు జ్యోతిష్కుణ్ని సంప్రదించాడన్న వార్త ఆయన ఉండగానే పేపర్లకెక్కింది. పైవాడి సాయం కోరే స్థితికి కోచ్‌ను ఎవరు తెచ్చారన్నదీ ఆలోచించాలి మరి.

తర్వాత మానోలో మార్కెజ్. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిల్ తెచ్చిన స్పెయిన్ కోచ్. ఆయన మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో గోల్ లేని డ్రా. అటు గోవా క్లబ్బుకూ కోచ్‌గా ఉంటూ ఇటు దేశానికీ కోచ్‌గా ఉన్నాడు. ఉన్నన్నాళ్లకు గెలిచింది ఒక్క మ్యాచ్, మాల్దీవుల మీద. 2025లో ఆయన వెళ్లాక కొత్త కోచ్ కోసం ప్రకటన ఇస్తే ప్రపంచ ప్రఖ్యాత కోచ్‌లు గ్వార్డియోలా, జావి పేర్లతో కూడా దరఖాస్తులు వచ్చాయి. అవి ఎవరో ఆకతాయి పంపిన ఈమెయిళ్లని తర్వాత తేలింది.

చివరికి 2017లో చిన్న క్లబ్బు ఐజాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపిన ఖాలిద్ జమీల్‌కు పని అప్పగించారు. మాజీ కోచ్ సేవియో మెదీరా తర్వాత పూర్తిస్థాయి బాధ్యత భారతీయుడికి దక్కడం ఇదే మొదటిసారి. మధ్య ఆసియా టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. 2025 అక్టోబర్‌లో మడ్గావ్‌లో సింగపూర్‌తో ముందు గోల్ కొట్టి కూడా 2-1తో ఓడడంతో 2027 ఆసియా కప్ ఆశ పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓటమి.

ఇక 'కోచ్‌ను మార్చండి' అనే మాట వినిపించక మానదు. హెల్సింకీలో పది గోల్స్ తిన్న తర్వాత కూడా రహీం మీద నమ్మకం ఉంచారు, పదేళ్లకు జకార్తాలో స్వర్ణం వచ్చింది. ఖాలిద్‌కు కనీసం 2027 తర్వాత వచ్చే ఆసియా కప్ అర్హత పోటీలు ముగిసేదాకా గడువివ్వాలి. ఆటగాళ్లను క్యాంపుకు ఎన్ని రోజుల ముందు వదలాలో క్లబ్బులతో రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన బాధ్యత సమాఖ్యది. కోచ్ ఏ దేశంవాడన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.