ఏది పెరగాలి, ఏది బాగుపడాలి?

సెషన్సు కోర్టులో ‘ఇంప్రూవ్‌మెంట్’ మంచి మాట కాదు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేని సంగతిని సాక్షి బోనెక్కాక కొత్తగా చెబితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయర్లం దాన్ని పట్టుకుని ‘ఇది ఇంప్రూవ్‌మెంట్’ అని వాదిస్తాం. కథకు తర్వాత దిద్దిన మెరుగన్నమాట. ఆ సంగతి కేసుకు కీలకమైనదైతే సాక్ష్యం బలం తగ్గుతుంది.

సాక్ష్యం సంగతి అలా ఉంచితే, పిటిషన్లలో ఆ మాటకు చోటుంది. నా దగ్గర డ్రాఫ్టింగ్ నేర్చుకునే జూనియర్లు ఇంగ్లిషు మీడియంలో చదివినవాళ్లే. అయినా ‘బాగుపడాలి’ అనాల్సిన చోటల్లా ‘ఎన్‌హాన్స్’ రాస్తారు, బరువుగా వినిపిస్తుందని. ఆ మాటకు మూలం ఎత్తును చెప్పే లాటిన్ పదం ‘ఆల్టస్’. పైకెత్తడమే దాని పని, ఎత్తేది మంచో చెడో దానికి పట్టదు. భూసేకరణలో రైతుకు పరిహారం పెరిగినా ఎన్‌హాన్స్‌మెంటే, అప్పీలులో ముద్దాయికి శిక్ష పెరిగినా ఎన్‌హాన్స్‌మెంటే. శిక్ష చాలలేదని ప్రభుత్వం అప్పీలు చేసుకునే వీలు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 377వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 418వ సెక్షన్. అందుకే జైలు గదుల ఇరుకు గురించి వేసే పిటిషన్‌లో పరిస్థితులను ‘ఎన్‌హాన్స్’ చేయమని అడిగితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. అక్కడ ‘ఇంప్రూవ్’ రాయాలి. ‘అమీలియరేట్’ కూడా సరిపోతుంది, ఎందుకంటే అంతకుముందు కష్టం ఉన్నచోటే ఆ మాట నిలుస్తుంది.

ఈ తూకం నేర్చుకోవడానికి జూనియర్లకు రాజ్యాంగమే చేతికిస్తాను. 47వ అధికరణంలో పోషకాహార స్థాయికి, జీవన ప్రమాణానికి ‘రెయిజింగ్’ వాడారు. ప్రజారోగ్యానికి వచ్చేసరికి ‘ఇంప్రూవ్‌మెంట్’ అన్నారు. స్థాయికి కొలత ఉంది కనుక పైకి జరపవచ్చు. ఆరోగ్యం బాగుపడాలి. 340వ అధికరణం వెనుకబడిన వర్గాల స్థితిగతులను ‘ఇంప్రూవ్’ చేయడం గురించి మాట్లాడుతుంది. 1951లో మొదటి సవరణతో చేరిన 15వ అధికరణం నాలుగో క్లాజు మాత్రం ఆ వర్గాల ‘అడ్వాన్స్‌మెంట్’ అంటుంది. బాగుపడాల్సింది స్థితిగతులు, ముందుకు సాగాల్సింది మనుషులు. మనుషులనే బాగుచేస్తామంటే వాళ్లలోనే ఏదో లోపముందని తీర్పు చెప్పినట్టే. రాసినవాళ్లు ఆలోచించి రాశారో, చేతి అలవాటు కొద్దీ అలా వచ్చిందో గానీ, ఆ రెండు అధికరణాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

సంక్షేమ హాస్టళ్ల పిటిషన్లలో విద్యార్థులను ‘ఇంప్రూవ్’ చేయాలని కనిపిస్తే కొట్టేసి, ముందు హాస్టల్ పైకప్పు, మరుగుదొడ్లు, భోజనం పేరుపేరునా రాయిస్తాను.