ఒక వరుస అంటే ఒక మనిషి కాదు

అమెరికాలో వలస చట్టాలను అమలు చేసే ఐసీఈ సంస్థ మా ఊళ్లో ఎందరిని అరెస్టు చేసింది? అక్కడి స్థానిక విలేకరులు ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వెతకగలుగుతున్నారు. మన సమాచార హక్కు చట్టం లాంటిది అమెరికాలో 1966లోనే వచ్చింది. దాని ద్వారా రాబట్టిన ఐసీఈ రికార్డులను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డిపోర్టేషన్ డేటా ప్రాజెక్టు అందరికీ అందుబాటులో ఉంచుతోంది.

వాటిలో పేర్లు ఉండవు. తేదీ, పౌరసత్వ దేశం, నేర చరిత్ర, వ్యక్తికి బదులుగా ఒక సంకేతం ఉంటాయి. చిక్కంతా లెక్కపెట్టడంలోనే. ఒకే మనిషిని మూడు నిర్బంధ కేంద్రాలకు మారిస్తే పట్టికలో మూడు వరుసలు వస్తాయి. వరుసలు లెక్కిస్తే ఒకరు కాస్తా ముగ్గురవుతారు, సంకేతాలను లెక్కించాలి. నేర చరిత్ర గడిలో ‘అభియోగం పెండింగ్’ అని ఉంటే నేరం రుజువైనట్టు కాదు. శీర్షికలు పెట్టే తొందరలో ఈ తేడా తరచూ చెరిగిపోతుంది.

ఊరి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. డల్లాస్ కార్యాలయం పరిధిలో ఉత్తర టెక్సాస్‌తో పాటు ఓక్లహోమా రాష్ట్రమంతా ఉంది. కాబట్టి ‘డల్లాస్’ అని కనిపించినంత మాత్రాన అరెస్టు ఆ నగరంలో జరిగిందనలేం. కచ్చితమైన చోటు చెప్పాల్సిన గడి చాలా వరుసల్లో ఖాళీ. అందుకే విలేకరులు కౌంటీ జైలు రికార్డులతో, కోర్టు పత్రాలతో సరిచూసుకోవాలి.

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎందరు పట్టుబడ్డారని ఇక్కడి బంధువులకు ఆదుర్దా ఉంటుంది. పట్టికలో దేశం ‘ఇండియా’ అని మాత్రమే ఉంటుంది. భాష గానీ, రాష్ట్రం గానీ ఉండదు. వాట్సాప్‌లో ‘ఇంతమంది తెలుగువాళ్లు’ అంటూ ఏదైనా అంకె తిరుగుతుంటే, అది ఈ పట్టికల్లోంచి వచ్చింది మాత్రం కాదు.